సోమవారం పిట్టలు

ఆఫీసులో అందరూ ఆమెను మెట్లమ్మ అంటారు. ఎదురుగా మేడం, వెనకాల మెట్లమ్మ. పద్నాలుగేళ్ళుగా ఆ ఆర్కిటెక్టుల ఆఫీసులో ఆమె గీసినవన్నీ మెట్లు, మరుగుదొడ్లు, నీళ్ళ గొట్టాలు పోయే సందులు. భవనం ఎవరు గీసినా, పేరు ఎవరికొచ్చినా, జనం కాలు జారకుండా పై అంతస్తుకు చేరుతున్నారంటే అది మెట్లమ్మ చలవే. ఎవరూ పడనంతకాలం ఆ మెట్లు గీసిందెవరని ఎవరూ అడగరు. వంటా అంతే కదా అని ఆమె సరిపెట్టుకునేది. ఉప్పు ఎక్కువైన రోజే వండిన మనిషి అందరికీ గుర్తొస్తుంది.

అలాంటి మెట్లమ్మకు ఈ ఏడాది ఒక పూర్తి భవనం దక్కింది. ఊరి నడిబొడ్డున ఉన్న పార్కులో సందర్శకుల కేంద్రం. పార్కంటే గొప్పదేం కాదు. కత్తిరించిన గడ్డి, సిమెంటు బెంచీలు, పెద్దవాళ్ళెవరైనా వస్తున్నారంటే మాత్రమే ఎగిరే ఫౌంటెను. పార్కు వెనక నడుమెత్తు గోడ ఉంది. ఆ గోడ అవతల ఊరు పూడ్చడం మరిచిపోయిన పల్లం. మడుగు, తుంగ, రెల్లు, దోమలు, ఇంకా ఎవరికీ తెలియని ఏవేవో. పార్కుకొచ్చే మనిషిని గోడ అవతలి ప్రకృతితో కలపాలని మునిసిపాలిటీ వాళ్ళు ఉత్తరంలో రాశారు.

ఆఫీసు యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, "కలపడమంటే తలుపు పెట్టడమేగా. తలుపులూ మెట్లూ నీకు బాగా వచ్చు. నువ్వే చూడమ్మా" అన్నారు.

షరతు ఒక్కటే. మునిసిపాలిటీ కమిటీకి నచ్చితే భవనం ఆమెది. డ్రాయింగు మూలన ఆమె పేరుంటుంది, పునాది నుంచి పైకప్పు దాకా ఆమే చూసుకుంటుంది. నచ్చకపోతే పని పెద్దాయన మేనల్లుడికి పోతుంది. అతనూ ఆర్కిటెక్టే. ఆస్పత్రి గీసినా, బస్టాండు గీసినా కోడిగుడ్డు ఆకారంలోనే వస్తుంది. మెట్లమ్మ మళ్ళీ ఆ గుడ్డులోపలికి మెట్లు గీసుకుంటూ కూర్చోవాలి.

పార్కుకు సోమవారం సెలవు. మెట్లమ్మ కొలతలకు ఆ రోజునే ఎంచుకుంది. మామూలు రోజుల్లో టేపు పరిస్తే పిల్లలు తట్టుకుని పడతారు. పెద్దలు నిలబడి, అమ్ముతున్నారా, గజం ఎంత అని అడుగుతారు. సోమవారమైతే వాచ్‌మన్ సణుక్కుంటూ చిన్న గేటు తీసేవాడు. లోపల ఆమె, టేపు, మడత కుర్చీ, నోటు పుస్తకం తప్ప ఎవరూ ఉండరు. అలా పదకొండు సోమవారాలు వెళ్ళింది. నీడ ఎటు పడుతోంది, గాలి ఎటు వీస్తోంది, వాన నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయి అన్నీ రాసుకుంది.

ఆ పదకొండు సోమవారాలూ పక్షులు గోడ పక్కకే వచ్చేవి. చేయి చాపితే అందేటంత దగ్గర కాకపోయినా, మనిషి తుమ్మితే వినపడేటంత దగ్గర. బూడిద రంగు కొంగలు, తోకలు ఎగరేసుకుంటూ తిరిగే నీటికోళ్ళు, మేకులా కొమ్మకు దిగబడి కూర్చునే లకుముకి పిట్ట. ఒక సోమవారం నలభై రెండు లెక్కపెట్టింది. ఇంకో సోమవారం యాభై ఆరు. పద్నాలుగేళ్ళు గొట్టాలు గీసిన మనిషికి ప్రకృతి ఇలా ఎదురొచ్చి పలకరిస్తే మతి పోదా. పోయింది. భవనం మొత్తాన్నీ ఆ గోడ చుట్టూ గీసింది. గడ్డి మీంచి నడిచొస్తారు, చిన్న వాలు దిగుతారు, మలుపు తిరగ్గానే నలభై అడుగుల గాజు గోడ. గాజు అవతల మడుగు, మడుగు నిండా పక్షులు.

అట్టముక్కలతో నమూనా చేసి పెద్దాయన బల్ల మీద పెట్టింది. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక రబ్బరుంటుంది. ఎవరి డ్రాయింగు చూసినా ముందు చెరిపి తర్వాత మాట్లాడతారు. ఆ రోజు ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వంగి, ఆ గాజు గోడ వంక చాలాసేపు చూశారు. తర్వాత రబ్బరు జేబులో వేసుకున్నారు. ఆ ఆఫీసులో దానికి మించిన సన్మానం లేదు.

"కమిటీని వచ్చే సోమవారం పార్కుకే పిలుద్దాం. జనం ఉండరు, ప్రశాంతంగా చూస్తారు" అన్నారు.

గురువారం సాయంత్రం నమూనా పైకప్పు ఊడింది. అతికించడానికి మెట్లమ్మ దాన్ని ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. ఆమె భర్త ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. చోటు లేక ఆయన పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తింటున్నాడు. ఫిర్యాదు చేయలేదు. పెళ్ళయిన కొత్తల్లో రెండుసార్లు చేసి చూశాడు, లెక్క కుదరలేదు.

అత్తగారు ఎదురుగా కూర్చుని బీన్సు ఈనెలు తీస్తోంది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ కలిపింది. రిటైరయ్యాక సొంత మాటలు మొదలుపెట్టింది. నలుగురు స్నేహితురాళ్ళతో కలిసి రోజూ పొద్దున ఆ పార్కుకే వెళుతుంది. ఐదుగురూ నడిచేది ఒక చుట్టు, మాట్లాడేది ఆరు చుట్లు.

"ఈ కాగితం ముక్కలేంటి?" అంది అత్తగారు నమూనాలోకి తొంగి చూస్తూ.

"పక్షులు అత్తయ్యా."

"ఎక్కడివి?"

"గోడ అవతల మడుగులోవి. మీరు రోజూ వెళ్ళే పార్కేగా."

అత్తగారు బీన్సు కాయ పక్కన పెట్టింది. "ఆరేళ్ళుగా వెళ్తున్నానమ్మాయ్. నడక అయ్యాక మేం కూర్చునేదే ఆ గోడ మీద. ఊళ్ళో సంసారాలన్నీ అక్కడే చక్కబెడతాం. ఒక్క కొంగ మొహం ఎరగను. అవతలి గట్టున ఎక్కడో తెల్లగా ఏవో కనిపిస్తుంటాయి. చెత్త సంచులు కొట్టుకొచ్చాయనుకున్నాం."

"మీరు సరిగా చూసి ఉండరు."

"రాంగ్ నంబరు ఊపిరి వినే కనిపెట్టిన మనిషిని. యాభై కొంగలొస్తే కనిపెట్టలేనా?" ఆవిడ మళ్ళీ కాయ అందుకుంది. "అయినా నువ్వెళ్ళేది సోమవారం. మేం వెళ్ళేది మిగతా ఆరు రోజులు. మీ పక్షులకీ మాకూ మాటల్లేవేమోలే."

మెట్లమ్మ చేతిలో జిగురు సీసా అలాగే ఉండిపోయింది. లెక్కల మాస్టారు తల ఎత్తి భార్యను చూశాడు, తల్లిని చూశాడు, మళ్ళీ పళ్ళెంలోకి చూసుకున్నాడు. జవాబు తప్పిన పిల్లల్ని తరగతిలో ఆయన అలాగే చూస్తాడు. తప్పు ఎక్కడుందో వాళ్ళే వెతుక్కోవాలి.

శుక్రవారం పొద్దున ఆరింటికి మెట్లమ్మ అత్తగారి వెంట పార్కుకు వెళ్ళింది. తెరిచి ఉన్న రోజున ఆమె అక్కడికి రావడం అదే మొదలు. పరిగెత్తేవాళ్ళు, ఫోన్లలో పాటలు మోగించుకుంటూ నడిచేవాళ్ళు, ఒంటి కాలి మీద నిలబడి ఊపిరి పీల్చేవాళ్ళు, బంతి, బంతి వెనక కుక్క, కుక్క వెనక దాని యజమాని. అందరూ మర్యాదస్తులే. అందరూ కలిసి చేసే చప్పుడు మాత్రం సంత చప్పుడు. గోడ దగ్గరికి వెళ్ళి తొంగి చూసింది. బురద. తుంగ. ఎవరిదో చెప్పు. దూరంగా అవతలి గట్టున తెల్లటి చుక్కలు.

వాచ్‌మన్ గేటు పక్కన టీ తాగుతున్నాడు.

"పక్షులేవి?" అని అడిగింది.

"ఇవాళ శుక్రవారం కదా మేడం."

"అయితే?"

"గోడ దాకా సోమవారమే వస్తాయి. మంగళవారం పెద్ద గేటు కిర్రుమనగానే అవతలికి పోతాయి. మనకన్నా వాటికే సెలవులు బాగా తెలుసు."

"పదకొండు వారాలుగా వస్తున్నాను. ఒక్కసారి చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా. పైగా వాటిని చూసి అంత మురిసిపోతూ రాసుకుంటుంటే, పోనీలే పాపం అనుకున్నా."

పోనీలే పాపం అన్న మాటతో బస్సెక్కి మెట్లమ్మ ఆఫీసుకు వెళ్ళింది. దారిలో అటూ ఇటూ ఆలోచించింది. ఊరుకుంటే ఏ గొడవా లేదు. సోమవారం కమిటీ వస్తుంది, పక్షులూ వస్తాయి, గాజు గోడ ఒప్పుకుంటారు, భవనం లేస్తుంది. లేచాక జనం వాలు దిగి, మలుపు తిరిగి, నలభై అడుగుల గాజులోంచి బురద చూస్తారు. ఆ గాజు వెనక మనుషులు కదులుతుంటే మిగిలిన ఆ ఒక్క సోమవారం కూడా పోతుంది. పక్షుల్ని తోలడానికి ఇంత ఖర్చెందుకు, దిష్టిబొమ్మ చాలు. చెబితే తన తప్పు తానే నెత్తిన వేసుకున్నట్టు. గుడ్డులో మెట్లు సిద్ధంగా ఉన్నాయి. మింగలేక కక్కలేక అంటారే, ఆ రెండింటి మధ్య ఆమె దిగాల్సిన స్టాపు వచ్చింది.

పెద్దాయన అంతా విని, కిటికీలోంచి బయటికి చూశారు.

"సోమవారం కమిటీ వస్తుంది, పక్షులొస్తాయి. కమిటీకి ఆనందం. మరి నీ బాధేంటి?"

"మంగళవారం జనం వస్తారండి."

పెద్దాయన జేబులోంచి రబ్బరు తీసి బల్ల మీద పెట్టారు. "గీసింది నువ్వు. చెరుపుకుంటానంటే కాదనను. ఇంకోటి మాత్రం సోమవారం పొద్దుటికి ఉండాలి. లేకపోతే కమిటీ ముందు ఖాళీ చేతులతో నిలబడను. మావాడిది ఎలాగూ సిద్ధంగా ఉంది."

"గుడ్డేనా అండీ?"

"గుడ్డే" అన్నారాయన, కొంచెం సిగ్గుపడి.

"అయితే ఇంకో అనుమతి కావాలి. సోమవారం ఐదుగురు సందర్శకుల్ని తెచ్చుకుంటాను. మా అత్తగారు, ఆవిడ స్నేహితురాళ్ళు."

"పక్షుల్ని తోలడానికా?"

"లేదండి. ఊరికే నడవడానికి."

శని, ఆదివారాలు మెట్లమ్మ పార్కులోనే ఉంది. ఈసారి పక్షుల వంక చూడలేదు, మనుషుల్ని చూసింది. ఎక్కడ గొంతు పెంచుతున్నారు, ఎక్కడ తగ్గిస్తున్నారు, పిల్లలు ఎక్కడిదాకా పరిగెత్తి ఆగుతున్నారు. ఫౌంటెను తవ్వినప్పుడు తీసిన మట్టి, గోడకు కొంచెం ఇవతల పొడుగాటి దిబ్బగా పడి ఉంది. దాని మీద గడ్డి మొలిచి, వాచ్‌మన్ బట్టలు ఆరేసుకునే చోటైంది. ఆ దిబ్బ వెనక కూర్చుంటే సంత చప్పుడు సగానికి సగం తగ్గింది. ఆదివారం మధ్యాహ్నం అక్కడ అరగంట కదలకుండా కూర్చుంటే ఒక నీటికోడి మడుగు మధ్యదాకా వచ్చి, ఆలోచించుకుని, వెనక్కి పోయింది.

దాంతో ఆమెకు దారి దొరికింది. ఇప్పుడు హాస్టల్లో ఉంటున్న కూతుర్ని రెండు గదుల ఇంట్లో పసిపిల్లప్పుడు పెంచిన ఆడదానికి ఏ గోడ ఎక్కడుండాలో వేరే చెప్పక్కర్లేదు. ముందు గదిలో చుట్టాలు నవ్వుతుంటారు, వెనక గదిలో ఉయ్యాల ఉంటుంది. మధ్యలో తలుపులు ఎదురెదురుగా పెడితే పిల్ల లేస్తుంది. నడవ ఒక మెలిక తిరిగితే లేవదు. ఆ సంగతి కాలేజీలో ఎవరూ చెప్పలేదు. పాఠాలు చెప్పినాయన ఇంట్లో ఉయ్యాల ఊపింది ఆయన భార్య.

కొత్త డ్రాయింగులో గాజంతా పార్కు వైపుకు తిరిగింది. టీ, బెంచీలు, మరుగుదొడ్లు, పిల్లలు అరుచుకునే వసారా అన్నీ దిబ్బకు ఇవతలే. దిబ్బలోంచి నడవ రెండు మెలికలు తిరుగుతూ కిందికి దిగుతుంది. చివర రెల్లు తడక, తడకలో సన్నటి సందులు, పెద్దల కళ్ళ ఎత్తున ఒక వరస, పిల్లల కళ్ళ ఎత్తున ఒక వరస. ఒకేసారి ఇరవై మందే. చూడ్డానికి ఏమీ ఉండదు. గాజు గోడ పక్కన పెడితే రాణి పక్కన వంటమనిషిలా ఉంది.

సోమవారం ఏడింటికి కమిటీ వచ్చింది. ముగ్గురు. అధ్యక్షురాలు నీటి సరఫరా శాఖలో పెద్ద ఇంజనీరు, పొదుపుగా మాట్లాడే మనిషి. రెండోవారు అడవుల శాఖలో రిటైరైన ఆఫీసరు. మూడోవారు మాటిమాటికీ గడియారం చూసుకునే మనిషి, ఏ కమిటీలోనైనా ఒకరుంటారు. పక్షులు మెట్లమ్మ పరువు నిలబెట్టడానికే అన్నట్టు గోడ పొడుగునా బారులు తీరాయి. లకుముకి పిట్ట నీళ్ళలో మునిగి చేపతో లేచింది.

"ఇంకేం, గాజు గోడ అద్భుతం. ఒప్పేసుకుందాం" అన్నారు గడియారంవారు.

"ఒక్క పావుగంట ఆగండి. సందర్శకులు వస్తున్నారు" అంది మెట్లమ్మ. పెద్దాయన ఆకాశం వంక చూశారు.

ఏడున్నరకు ఐదుగురూ వచ్చారు. మామూలుగా నడవండి, మామూలుగా మాట్లాడండి అని ఆమె చిలక్కి చెప్పినట్టు చెప్పింది. కానీ ఆఫీసర్లు ఉంటారని తెలిసి ఐదుగురూ పెళ్ళికి దాచుకున్న బట్టలు కట్టుకుని వచ్చారు. బడిపిల్లల్లా ఒకరి వెనక ఒకరు, చేతులు కట్టుకుని, నోరు మెదపకుండా నడిచారు. గోడ దాకా వచ్చి వరసగా కూర్చున్నారు. ఆరేళ్ళలో ఆ గోడ అంత మౌనం ఎరగదు. ఒక కొంగ మెడ తిప్పి చూసి, పర్వాలేదన్నట్టు మళ్ళీ నీళ్ళలోకి వంగింది.

నిమిషం, రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. గడియారంవారు మళ్ళీ గడియారం చూసుకున్నారు. ఊరంతా వినపడేలా మాట్లాడే ఈ ఐదుగురూ సరిగ్గా ఇవాళే మునులైపోవాలా. మెట్లమ్మ అత్తగారి వంక చూసింది. అత్తగారు కోడలి మొహం చూసింది. ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి, ఏ తీగ ఎక్కడ తగిలిస్తే మోగుతుందో ఆవిడకు తెలుసు. పక్కావిడ వైపు వంగి, తగ్గు గొంతుతో అడిగింది.

"అవునే, నిన్న మీ కోడలు ఏదో అందన్నావు. ఏమంది?"

అంతే. ముందు ఆ కోడలు అన్న మాట వచ్చింది, తర్వాత ఆ మాటకు ఈవిడన్న మాట వచ్చింది, తర్వాత మిగతా ముగ్గురి కోడళ్ళూ వచ్చారు. ఒకావిడ తొడ చరిచింది. ఇంకొకావిడ నవ్వింది, ఆ నవ్వు ఫౌంటెను దాకా వినపడింది. మొదటి కొంగ లేచింది. దాని వెనక నలభై. నీటికోళ్ళు తుంగలో మాయమయ్యాయి. నిమిషంలో గోడ అవతల బురద మిగిలింది.

అడవుల శాఖాయన చేతులు వెనక్కి కట్టుకుని ఆ బురద చూస్తూ నిలబడ్డారు. ఐదుగురికీ ఇదేం తెలియలేదు. సంసారాలు చక్కబెడుతూనే ఉన్నారు.

"వీళ్ళు గొడవ చేసేవాళ్ళు కాదండి. రోజూ వచ్చేవాళ్ళే" అంది మెట్లమ్మ. "నేను పదకొండు వారాలూ సోమవారాలే వచ్చాను. గాజు గోడ సోమవారానికి గీసింది. మిగతా రోజులకు ఇంకోటి గీశాను." కొత్త డ్రాయింగు బెంచీ మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టింది.

అధ్యక్షురాలు డ్రాయింగు చూడలేదు. ఆమెనే చూసింది. "మిగతా రోజుల్లో ఎందుకు రాలేదు?"

"జనం అడ్డొస్తారని."

"కడుతున్నది ఎవరికి?"

మెట్లమ్మ గోడ వైపు చూసింది. ఆ ప్రశ్నకు జవాబు గోడ మీద కూర్చుని నవ్వుతోంది.

అధ్యక్షురాలు అప్పుడు వంగి డ్రాయింగు చూసింది. నడవ మెలికల మీద వేలు పెట్టి, "ఈ రెండు మెలికలూ చాలని ఎలా చెప్పగలరు?" అని అడిగింది.

"చెప్పలేనండి. రెండు రోజులే చూశాను."

"తడక వెనకున్న మనుషులకు పక్షులు అలవాటు పడతాయా?"

ఈసారి అడవుల శాఖాయన అందుకున్నారు. "పడొచ్చు. నిదానంగా. పడకపోవచ్చు కూడా."

ముగ్గురూ పక్కకు వెళ్ళి మాట్లాడుకున్నారు. పెద్దాయన మెట్లమ్మ పక్కన నిలబడి, జేబులో రబ్బరును పిసుకుతున్నారు. అధ్యక్షురాలు తిరిగొచ్చి పొదుపుగా చెప్పింది. గాజు గోడ వద్దు. రెండోది ఇప్పుడే ఒప్పుకోలేం. మూడు నెలలు గడువు. వారంలో ఏడు రోజులూ లెక్కలు కావాలి, పక్షులవీ మనుషులవీ.

"గడువు ఆఫీసుకా, ఆవిడకా?" అని అడిగారు పెద్దాయన. మేనల్లుడి సంగతి ఆయన మనసులో ఎక్కడో కదిలి ఉంటుంది.

"తన తప్పు తనే చూపించిన మనిషికి" అంది అధ్యక్షురాలు. "కొత్తవాళ్ళను పెడితే వాళ్ళ తప్పులు మేం వెతుక్కోవాలి. మాకంత తీరికెక్కడిది?"

కారెక్కేముందు పెద్దాయన ఆగారు. "ఏడు రోజులంటే ఆదివారం కూడా."

"తెలుసండి."

"సరే అయితే" అని తలుపు వేసుకున్నారు.

మంగళవారం ఆరింటికి పెద్ద గేటు కిర్రుమంది. మెట్లమ్మ దిబ్బ పక్కన మడత కుర్చీ వేసుకుని, పుస్తకంలో నిలువుగా గీత గీసింది. ఒక పక్క పక్షులు, ఒక పక్క మనుషులు. ఏడయ్యేసరికి పక్షుల వైపు సున్నా, అవతలి గట్టున పదకొండు. మనుషుల వైపు గీతలు నాలుగు వరసలు దాటాయి. వాళ్ళలో ఎవరు గోడ దాకా వెళ్తున్నారో, ఎవరు సగంలో తిరిగిపోతున్నారో వేరే గుర్తు పెట్టింది.

మూడో చుట్టులో ఉన్న ఒక బొజ్జాయన ఆమె ముందు ఆగి రొప్పుతూ అడిగాడు. "పొద్దున్నుంచీ చూస్తున్నా, ఏం లెక్కపెడుతున్నారు? పిట్టల్నా?"

"లేదండి. మిమ్మల్నే."

ఆయన కాసేపు ఆలోచించాడు. బొజ్జ కొంచెం లోపలికి పీల్చుకుని, నాలుగో చుట్టుకు బయల్దేరాడు.